ఉసేనప్ప బండికి వచ్చిన జబ్బు

ఉసేనప్ప అని ఒకాయన ఉండె. దూదేకులోళ్ల ఉసేనప్ప. మీలో పెద్దోళ్లు ఆయన బండి ఎక్కే ఉంటారు, ఎక్కలేదని మాత్రం నాతో చెప్పొద్దండి. ఆయనకు ఒక తెల్లబండి ఉండె. జీపు కంటే పెద్దది, ఎత్తుగా ఉంటాది, ముందర ఇద్దరు, నడిమిట్ల నలుగురు, ఎనక ఎదురెదురు సీట్లు, అందులో ఎందర్ని కుక్కితే అందరు. ఎవరో క్వారీ కంట్రాక్టరు బాగా వాడుకోని అమ్మేస్తే ఈయన కొన్నాడు, అంటే ఊర్లోకి వచ్చేటప్పటికే అది పాతబండి అనుకో. పాతదైతే ఏం? తెల్లబండి అంటే సుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఉసేనప్ప బండే. పెండ్లికి అదే, కానుపుకు అదే, వాన పడని ఏడు గుంటూరు దిక్కు మిరపకాయలు కోయను పోవాలన్నా అదే. పొయ్యేటప్పుడు ఆడోళ్లు ఏడుసుకుంటా ఎక్కుతారు, వచ్చేటప్పుడు నవ్వుకుంటా దిగుతారు, ఏడుపూ నవ్వూ రెండూ ఆ బండే మోసిందంట.

ఆయన తోలడం ఎట్లుంటాదంటే, గేరు మార్చింది లోపల కూచున్నోళ్లకు తెలీదంట. తెలీనోళ్లు ఉంటారు గదా, వాళ్ల కోసం చెప్తాండా. గేరు మార్చాలంటే ఎడమకాలితో క్లచ్చి అడుగుదాకా తొక్కాల, అదే గడియలో కుడికాలు ఎక్సిలేటరు మీద నుంచి తీయాల, మల్ల ఇది మెల్లగా వదల్తా అది మెల్లగా తొక్కాల. ఇందులో యాది రోంత తప్పినా బండి ఎగిరి పడతాది. ఉసేనప్పకు తప్పేది కాదు. ఒకసారి ఏమైందంటే, నెలలు నిండిన పిల్లను రాళ్లదావలో పత్తికొండకు తీసకపోయినాడంట. నొప్పులు పడీ పడీ అలిసిపోయి ఆ పిల్ల నిద్రబోయింది, ఆస్పత్రి కాడ లేపితే "అప్పుడే వచ్చినామా మామా" అనిందంట. ఆ మాట ఆయన ఎందరికి చెప్పుకున్నాడో లెక్కలేదు. వాళ్ల పెండ్లాం మాబమ్మ ఊరందరికీ బొంతలు కుట్టేది. ఆయమ్మ కుడితే ఆ కుట్లు చీమలు బారుగా పోయినట్టు ఉంటాయి. ఆయన ఈ కత ఎత్తుకున్నప్పుడల్లా సూది ఆపకుండా "ఆ కానుపులో పుట్టినోనికి ఇప్పుడు మీసాలు వచ్చినాయి, ఇంగ వదిలెయ్యయ్యా" అనేది. అట్ల ఉండె వాళ్ల కాపురం.

అట్లుంటే ఒక ఎండాకాలం ఏమైందంటే, ఆలూరు దిక్కు పెండ్లికి పోతాండారు. బండి నిండా జనం. ఊరు దాటినారో లేదో, రెండో గేరు ఎయ్యబోతే కర్ర్‌ర్ మని అరిసింది. ఉసేనప్ప ఉలిక్కిపడినాడు. మల్ల ఏసినాడు, పడింది గానీ బండి ఎనక నుంచి ఎవరో తన్నినట్టు దడేల్మని ఎగిరింది. ఇంజనా, అది ఇంగో రకం. ఊఁ అని లేస్తాది, కుంగుతాది, మల్ల ఊఁ అని లేస్తాది, ఎవరూ ఏమీ చేయకుండానే. ఎనక కూచున్న ముసిలోడు ఒకాయన "ఏమి ఉసేనప్పా, బండి అనుకోని ఎద్దును కొన్నావా ఏంది" అన్నాడంట. అందరూ నవ్వినారు. ఈయన కూడా నవ్వినాడు గానీ చెమటలు పట్టినాయి. అంతమంది ముందర ఆయన బండి అరవడం అదే మొదలు.

పెండ్లి నుంచి వచ్చినాక పొద్దున్నే మద్దిలేటి కాడికి పాయె. మద్దిలేటి అంటే పత్తికొండ రోడ్డులో రేకుల షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. ఆ బండి కొన్నప్పట్నించి దాని మీద చెయ్యి ఏసినోడు ఆయనొక్కడే. వరస ఏమీ లేదు, కులం వేరే, అయినా ఈయన్ను అన్నా అంటాడు, ఆయమ్మను వదినా అంటాడు, రంజాన్‌కు వాళ్లింట్లోనే తింటాడు. "అన్నా, ఇంజను లేస్తా కుంగుతా ఉందంటే డీజిల్లో యాడో గాలి జొరబడతాండాది" అని పైపులన్నీ బిగిచ్చి, ఫిల్టరు మార్చినాడు. ఎక్సిలేటరు వైరు ఇరుక్కుంటాండాదేమో అని అదీ పీకి నూనె ఏసి పెట్టినాడు. మల్ల తానే ఎక్కి టేషను దాకా పోయి వచ్చినాడు. బండి పిల్లి లెక్క పోయింది, పిల్లి లెక్క వచ్చింది. "పో అన్నా, ఇంగేం లేదు" అన్నాడు. ఉసేనప్ప ఎక్కి షెడ్డు మలుపు తిరిగినాడో లేదో, కర్ర్‌ర్. మల్ల మొదలు.

ఇట్ల ఎన్ని తూర్లు తిరిగినాడో. ఒకసారి గేర్‌బాక్సే దించినారంట, క్లచ్చి ప్లేటు కొత్తది ఏసినారు. పాతది చూస్తే అంత అరిగింది కూడా కాదు. మద్దిలేటి దాన్ని చేతిలో పట్టుకోని ఇటు తిప్పి అటు తిప్పి చూసి పక్కన పెట్టినాడు. మల్ల తోలి చూసినాడు, బాగుంది. ఉసేనప్ప తోలినాడు, అదే రోగం. ఇంగ ఉసేనప్పకు మనసులో ఒక పురుగు దూరింది. వీడు తోల్తే బాగుంటాది, నేను తోల్తే చెడిపోతాది, అంటే వీడు ఏందో చేస్తాండాడు, నన్ను తిప్పుకోను యాదో ఒకటి వదులు చేసి పెడతాండాడు అని. ఇరవై ఏండ్ల చెలిమి గదా, నోరు తెరిసి అడగలేడు, అడక్కుండా ఉండలేడు. ఒకరోజు షెడ్డులో నలుగురు ఉండంగా అనేసినాడు. "మద్దిలేటీ, నీ చేతిలో పనితనం పోయిందా, లేకపోతే మనసే పోయిందా?" మద్దిలేటి స్పానరు కింద పెట్టినాడు. "బండిలో ఏమీ లేదన్నా. నేను చూసినంత వరకు ఏమీ లేదు" అన్నాడు, అంతే. "ఏమీ లేకపోతే నేను అబద్ధాలు చెప్తాండానా?" అని ఈయన లేచి వచ్చేసినాడు.

మల్ల టవున్లో ఒక పెద్ద షెడ్డు ఉందంటే ఆడికి పాయె. ఆడ అంతా మిసన్లే, బండికి తగిలిచ్చి టీవీ లెక్క చూస్తారంట. ఈ బండిని చూసి వాళ్లు, అప్పా, మా మిసను తగిలిచ్చను దీనికి సందే లేదు, ఇది అంత పాతది అన్నారు. అయినా డీజిల్ పంపు ఇప్పి బాగుచేసి పంపించినారు. మాబమ్మ మేకలు రెండు దానికే పాయె. మారిందా అంటే మారలేదు. ఊరోళ్లు కూడా మెల్లమెల్లగా ఎక్కడం మానుకున్నారు. ఎదురుగా వద్దనరు, మాకు పనుందప్పా, ఆటో మాట్లాడుకున్నాం లేప్పా అంటారు. అది వద్దనడం కంటే ఎక్కువ నొప్పి గదా? ఆయన పొద్దున్నే బండి తుడిసి, వాకిట్లో దాన్ని చూసుకుంటా కూచునేది. అప్పుడప్పుడు కాలి చెప్పు యాడో జారిపోయి ఉంటాది, ఒట్టికాలితో ఇంటికి వస్తాడు, మాబమ్మ "చెప్పు యాడ పెట్టినావయ్యా" అంటే అప్పుడు చూసుకుంటాడు. రోంత దూది మీద నడిసినట్టు ఉంటాది మాబూ, ఎండకేమో అనేవాడు. ఆయమ్మా ఎండకేమో అనే అనుకుంది. షుగరు ఉందని ఎప్పుడో చెప్పినారు, మాత్రలు ఉన్నప్పుడు మింగుతాడు, లేనప్పుడు లేదు. ఎవరు మాత్రం కాళ్ల గురించి ఆలోచన చేస్తారు, బండి అంత గోల చేస్తాంటే?

ఇంగ చెప్పాల్సింది చెప్పాల. వాళ్ల వాకిలికి రెండు పక్కలా రాతి కూసాలు, అంటే పాతిన నిలువురాళ్లు ఉంటాయి, బండి దాటను రోంతే సందు. బండి ఎప్పుడు ఇంటికి వచ్చినా ఆ సప్పుడు ఇని మాబమ్మ బయటికి వచ్చి, కూసం మీద చెయ్యి ఆనించి, "రా, రా, ఇంగ రోంత రా" అని దావ చూపించేది. ఆరోజు కూడా అట్లనే వచ్చింది. పొద్దు ఇంగా గుంకలేదు. "రా, రా... ఆఁ, నిలుపు" అనింది. ఉసేనప్ప నిలిపినాడు. నిలిపినాననుకున్నాడు. బండి ఊఁ అని లేసి ఒక్క ఎగురు ఎగిరింది. ఎంత దూరం? మూరెడు ఉండదు. ఆ మూరెడులోనే ఆయమ్మ కుడిచెయ్యి బండికీ రాతికీ నడుమ పడిపోయింది. ఆయమ్మ అరవను కూడా అరవలేదంట, "యో, ఎనక్కి" అనింది, అంతే. ఆయన ఎనక్కి తీసి, దిగి, ఆ చెయ్యి చూసి, బండి ముందర మోకాళ్ల మీద కూలబడి దాన్ని పిడికిళ్లతో కొట్టినాడంట. ఆస్పత్రికి తీసకపోను కూడా ఆ బండి ఎక్కలేదు, పక్కింటోళ్ల ఆటోలో పోయినారు. రెండు వేళ్లు తీసేసినారు. మిగిలినవి ఉండాయి గానీ మడసను రావు. సూది పట్టను రాదు ఇంగ.

ఆస్పత్రి నుంచి నేరుగా ఉసేనప్ప మద్దిలేటి షెడ్డుకే పాయె. రోడ్డులో పొయ్యేటోళ్లు నిలబడి చూస్తాండారు. "నా పెండ్లాం చెయ్యి నువ్వే తీసినావురా. ఆ బండిలో ఏమీ లేదంటివే, చూసిరాపో, వేళ్లు లేవు ఆయమ్మకు" అని అరిసినాడు. మద్దిలేటి షెడ్డు మూసేసి ఇంటికి పాయె. ఆ తర్వాత షెడ్డు తియ్యలేదంట. ఇంట్లో పండుకోని, నేను బిగిచ్చింది యాది, బిగిచ్చనిది యాది అని మొదట్నించి చివరిదాకా తలకాయలోనే బండి ఇప్పి మల్ల బిగిచ్చుకుంటా ఉన్నాడంట. నిజం చెప్పాలంటే ఆయన కూడా, నేనే చేసినానేమో అనే నమ్మేసినాడు.

కొన్నాళ్లకు మద్దిలేటి ఉసేనప్ప ఇంటికి వచ్చినాడు. ఉసేనప్ప లేచి లోపలికి పోబోయినాడు. మాబమ్మ మంచం మీద నుంచి "మద్దిలేటీ, కూచో" అనింది. ఆయన కూచోలేదు. ఆ కట్టు కట్టిన చెయ్యి దిక్కు చూడకుండా, "అన్నా, ఒక్కటి అడుగుతా. ఇన్నాళ్లూ నేను తోలి చూసినా. నువ్వు తోల్తాంటే పక్కన కూచోని ఒక్క తూరి కూడా చూడలే. ఒక్కసారి తోలు, నేను చూస్తా. తప్పు నాదైతే ఇంగ జన్మలో స్పానరు పట్టను" అన్నాడు. "ఆ బండి నేను ముట్టను" అన్నాడు ఈయన. మాబమ్మ అనింది కదా, "పోయిరాపోయ్యా. ఎవరి మీదా ఊరికే నింద ఉండకూడదు. తప్పు ఎవరిదో తెలిసిపోనీ." ఆ మాట అన్నప్పుడు ఆయమ్మకు ఏం తెలుసు పాపం, ఏం తెలుస్తాదో.

చేలల్లో దావ పట్టినారు. ఎదురుగా మనిషి లేడు, గొడ్డు లేదు. మద్దిలేటి పక్క సీట్లో కూచోని కళ్లు మూసుకున్నాడు. మెకానిక్కులకు అది అలవాటు, చెవితో చూస్తారు. కర్ర్‌ర్ మనింది. బండి ఎగిరింది. ఇంజను లేస్తాంది, కుంగుతాంది. మద్దిలేటి కళ్లు తెరిసి గేరు చూసినాడు, బాగుంది, చెయ్యి బాగానే ఏస్తాంది. మల్ల తల వంచి కిందికి చూసినాడు. చూసి చూసి, "అన్నా, క్లచ్చి పూర్తిగా తొక్కు" అన్నాడు. "తొక్కినా గదా." పెడలు సగంలో ఉండాది. "పక్కన నిలుపన్నా" అన్నాడు. నిలిపినాడు. ఇంజను లేస్తానే ఉంది, ఊఁ ఊఁ అని. "కుడికాలు తీయన్నా." "తీసినా." "ఎక్సిలేటరు మీద కాలు లేదా?" "లేదంటాంటే ఇనవేందిరా! తీసి ఎంతసేపాయె! కాలు తీసినా అది అరుస్తానే ఉంది, ఇనపడల్యా నీకు? ఇదే గదా నేను మొత్తుకునేది ఇన్నాళ్ల నుంచీ!"

మద్దిలేటి కిందికి వంగినాడు. రెండు చేతులతో ఉసేనప్ప కుడిపాదం పట్టుకోని, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టినాడు. ఇంజను ఊరుకుంది. పిల్లి లెక్క గురగుర అంటా ఉంది, అంతే. ఆ సప్పుడు ఉసేనప్ప ఇన్నాడు. తల వంచి తన కాలు చూసుకున్నాడు. చెప్పు లేదు. అరికాల్లో తుమ్మముల్లు ఒకటి దిగి, సుట్టూ రగతం ఎండిపోయి నల్లగా ఉండాది. ఎప్పటిదో, ఎన్నాళ్లదో. "ఇది నా కాలేనా మద్దిలేటీ" అన్నాడంట. మద్దిలేటికి ఏడుపు వచ్చింది. ఆయన తర్వాత నాకు చెప్పినాడు, ఆ గడియలో మొదట నాకు ఏమనిపించిందో తెలుసా, అమ్మయ్య నా పని కాదు అనిపించింది, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసయ్యం అని. మా కతలన్నీ రాసుకుంటా కూచున్న సారూ, ఇది మాత్రం ఇడిసిపెట్టకుండా రాసుకో. అట్ల అనిపించిందని ఒప్పుకునేటోళ్లు ఎంతమంది ఉంటారు చెప్పు.

బండి మద్దిలేటే తోలి ఇంటికి తెచ్చినాడు. మెత్తగా వచ్చింది, వాకిట్లోకి దూరింది, నిలబడింది. ఉసేనప్ప దిగి, పెండ్లాం మంచం కాడ నేల మీద కూచున్నాడు. తల ఎత్తలేదు. "మాబూ, బండి కాదు" అన్నాడు. "మల్ల ఎవరు? మద్దిలేటినా?" "కాదు. నేనే. నా కాలు. తీసినాననుకుంటి, తీయలేదు. దానికి తెలీలేదు. నాకు తెలీలేదు." తిడతాదేమో, అరుస్తాదేమో అని మద్దిలేటి గడపలో నిలబడి చూస్తాండాడు. ఆయమ్మ మంచం దిగింది. మొగుని ముందర కూచోని, ఆ కాలు తన ఒళ్లోకి లాక్కోని, ఎడమచేత్తో ముల్లు పీకింది. "తెలిసిందా?" అనింది. "లేదు." బొటనవేలు గట్టిగా నొక్కింది. "ఇప్పుడు?" "లేదు మాబూ." మడమ గిల్లింది. "ఇక్కడ?" తల అడ్డంగా ఊపినాడు. అట్ల నొక్కుకుంటా నొక్కుకుంటా పైకి పాయె, పిక్క కాడికి వచ్చినాక "ఆఁ, ఆడ తెలుస్తాంది" అన్నాడు. చెయ్యి నలిగినప్పుడు ఏడవలేదు, వేళ్లు తీసినప్పుడు ఏడవలేదు, అప్పుడు ఏడ్సింది ఆయమ్మ. "ఇంత దూరం పోయిందే అయ్యా, ఇంత దూరం పోయేదాకా నేను కూడా చూసుకోలేదే" అని ఆ కాలు పట్టుకోని ఏడ్సింది.

కర్నూల్లో డాక్టరు చూసి, షుగరుతో కాళ్ల నరాలు సచ్చిపోయినాయి, రెండు కాళ్లూ అంతే, ఇంగ బండి తోలొద్దు అన్నాడు. ఆ ముల్లు పుండై, తర్వాత బొటనవేలు తీసేయాల్సి వచ్చె. ఉసేనప్ప డాక్టరును ఒక్కటే అడిగినాడంట, ఇది ఎప్పట్నించి ఉంటాది సార్ అని. ఏండ్ల నుంచి మెల్లమెల్లగా ఉంటాది అన్నాడాయన. అంటే అన్నాళ్లు ఆ పిల్లాజెల్లనంతా ఎక్కించుకోని తిరిగినాను గదా అని, ఇంటికొచ్చినాక ఆ దావలన్నీ తలుచుకోని అన్నం ముట్టలేదంట. మద్దిలేటి కాడికి పోయి, కాళ్లు పట్టుకోబోతే ఆయన పట్టనీలేదు. మల్ల మాట్లాడుకున్నారు, మల్ల పండగకు పిలిసినారు, అయినా మొదటి లెక్క కాలేదు అనుకో. ఒకరి మొహం ఒకరు చూస్తే ఆ బండి సప్పుడే ఇనపడతాది గదా ఇద్దరికీ. బండిని ఆస్పరి దిక్కోడు ఎవరో కొనుక్కోని పాయె. టమాటాలు తోల్తాండాడంట. అడిగితే, ఇట్లాంటి బండి దొరకదప్పా, ఇంతవరకు ఒక్కసారి కూడా మొరాయించలేదు అంటాడంట వాడు.

ఇంగ ఇప్పుడు మద్దిలేటి షెడ్డుకు పోతే ఏమి చేస్తాడో తెలుసా? బండి గేరు పడల్యా, ఇంజను ఎగరతాంది అని ఎవరు పోయినా సరే, బానెట్టు తియ్యడు. "ముందు నువ్వు తోలప్పా, నేను పక్కన కూచుంటా" అంటాడు. కూచోని ఇంజను దిక్కు చూడకుండా కాళ్ల దిక్కు చూస్తాడు. వయసు పిల్లోళ్లు నవ్వుకుంటారు, ఈయనకు పిచ్చి పట్టింది అంటారు. నవ్వనీ లేండి. నా స్కూటరు కూడా మొన్నట్నించి, నేను బ్రేకు మీద నుంచి కాలు తీసినాక కూడా, ఎక్కడపడితే అక్కడ ఎగిరెగిరి పడతాంది. మద్దిలేటికి చూపిద్దామని రెండు మూడు తూర్లు బయల్దేరినా, షెడ్డు కనపడే దాకా పోయి, మల్ల ఎనక్కి తిరిగి వచ్చినా. బండికి యాదో ఒకటి అయ్యుంటాదిలే అనుకుంటాండా, అంతే. సాలు, లేయండి ఇంగ.